పిరిడోస్టిగ్మిన్ 60 మాత్ర: కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

మయస్తీనియా గ్రేవిస్ (కండరాలు వాడేకొద్దీ బలహీనపడే జబ్బు) అని తేలిన రోగికి వైద్యులు సాధారణంగా మొదట రాసే మందు పిరిడోస్టిగ్మిన్ బ్రోమైడ్, 60 మిల్లీగ్రాముల మాత్ర. కొన్నేళ్లుగా నేను దీన్ని రోజూ వాడుతున్నాను. ఒంగోలులో ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి, ఒంట్లోకి వెళ్లాక ఈ మాత్ర ఏం చేస్తున్నదో గమనించడం నాకు ఉద్యోగంలో భాగంలాగే అలవాటైంది. ఏ కంపెనీది దొరికితే అది కొన్నాను గనుక ఏ ఒక్కరి సరుకునూ పొగడటానికో, తెగడటానికో ఇది రాయడం లేదు. మందు గుణం గురించీ, అది మా ప్రకాశం జిల్లాలో దొరికే తీరు గురించీ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మందుగా ఇది నమ్మదగినది, చేయాల్సిన పనిని దాదాపు వేళ తప్పకుండా చేస్తుంది. కొనేవారికి కంపెనీలు ఇచ్చే సమాచారం మాత్రం బొత్తిగా చాలదు. ఇక్కడ రాసింది చూసి ఎవరూ మోతాదు మార్చుకోకూడదు, అది న్యూరాలజిస్టు చూడవలసిన సంగతి.

ఈ మందు విలువ తెలియాలంటే అది పని చేసే చోటు తెలియాలి. మెదడు నుంచి వెన్నుపాము గుండా వచ్చిన విద్యుత్ సంకేతం నాడి కొసకు చేరగానే అక్కడి క్యాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. క్యాల్షియం లోపలికి రావడంతో, నాడి కొసలో సిద్ధంగా ఉన్న సూక్ష్మమైన సంచులు తెరుచుకుని అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని నాడికీ కండరానికీ మధ్యనున్న సన్నని సందులోకి వదులుతాయి. ఒక్కో సంచిలో వేల అణువులు ఉంటాయి. అవి సందు దాటి కండరపు పొర మీద సంకేతాన్ని అందుకునే గ్రాహకాలకు అతుక్కుంటే ఆ గ్రాహకాలు తెరుచుకుని సోడియం అయాన్లను లోపలికి రానిస్తాయి, దాంతో కండరంలో కొత్త సంకేతం పుట్టి అది ముడుచుకుంటుంది. పని అయిపోయిన అసిటైల్‌కోలిన్ అక్కడే మిగిలిపోతే తర్వాతి సంకేతానికి చోటుండదు. అందుకని ఆ సందులోనే ఉండే అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఎసిటేటు, కోలిన్ అనే రెండు ముక్కలుగా విరగ్గొడుతుంది. ఒక్క ఎంజైమ్ అణువు సెకనుకు కొన్ని వేల అణువులను విరిచేస్తుంది.

మా జబ్బులో నాడిలో లోపం ఉండదు, కండరం బలంలోనూ లోపం ఉండదు. చెడిపోయేది ఆ రెండూ కలిసే చోటు. ఎక్కువ మంది రోగుల్లో, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే అసిటైల్‌కోలిన్ గ్రాహకాల మీద ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారు చేసి ఆ గ్రాహకాలను తగ్గించేస్తుంది. ఒకే కండరాన్ని పదే పదే వాడుతున్నప్పుడు నాడి వదిలే అసిటైల్‌కోలిన్ ఎవరికైనా కొంత తగ్గుతుంది. గ్రాహకాలు నిండుగా ఉన్నవారికి ఆ తగ్గుదల లెక్కలోకే రాదు, మాకు మాత్రం ప్రతి మెట్టు దగ్గరా, ప్రతి ముద్ద దగ్గరా తెలిసొస్తుంది. పిరిడోస్టిగ్మిన్ ఈ గ్రాహకాలను పెంచదు, ప్రతిరక్షకాలను తగ్గించదు. విరగ్గొట్టే ఎంజైమ్‌ను కొంతసేపు పట్టి ఉంచుతుంది, అంతే. కాలువలో నీళ్లు సన్నగా వచ్చిన ఏడు, కొత్త నీరు ఎలాగూ రాదని తెలిసిన రైతు మడిలోంచి నీరు బయటికి పోయే గండిని పూడ్చి, ఉన్న నీటినే పైరు దగ్గర ఎక్కువసేపు నిలబెడతాడు చూడండి, ఈ మాత్ర చేసే సాయం అచ్చంగా అలాంటిది. అసలు జబ్బు మీద పని చేయడానికి ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్ వంటి మందులో, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిని తీసేసే ఆపరేషనో వేరే ఉంటాయి. ఈ తేడా తెలియక ‘మాత్ర వేసుకుంటున్నా జబ్బు పోలేదు’ అని దీన్ని నిందించేవారున్నారు. అది మందుకు అన్యాయం.

ఇక వాడకం సంగతి. మాత్ర మింగిన అరగంట, ముప్పావుగంటలో పని మొదలవుతుంది. మూడు నాలుగు గంటలు నిలకడగా ఉండి, ఆ తర్వాత సన్నగిల్లుతుంది. నా వరకు మొదట మారేది కుడి కంటి రెప్ప. మాత్రకు ముందు అది కంటి పాప మీదికి సగం దిగి ఉంటుంది, నుదురు ముడిచి పైకి లాక్కుంటే తప్ప నల్లబల్ల పై వరుస కనబడదు. మందు అందుకోగానే నుదుటి మడతలు వాటంతట అవే పోతాయి. ఆ తర్వాత రెండుగా కనిపిస్తున్న వస్తువులు ఒకటవుతాయి. గొంతుది చివరి వంతు. పాఠం మూడో పీరియడ్‌లోకి వెళ్లేసరికి నా మాట ముక్కులోంచి వస్తున్నట్టు మారుతుందని వెనక బెంచీ పిల్లలు నాకంటే ముందు కనిపెడతారు. ఇంట్లో ఆ పని మా అత్తయ్యది. వంటింట్లోంచి తొంగి చూసి, ‘ఏందమ్మాయ్, మాత్ర ఏసుకోలా? కన్ను వాలిపోతా ఉంది’ అంటుంది. గడియారం చూస్తే సరిగ్గా మందు దిగిపోయే వేళే అయివుంటుంది. ఇంత కచ్చితంగా పని చేసే మందులు నాకు తెలిసినంతలో తక్కువ.

వేళ పాటించడంలోనే ఈ మందు ఉపయోగం సగం ఉంది. అన్నం తినడానికి అరగంట ముందు వేసుకుంటే నమిలే దవడకు, మింగే గొంతుకు ఆ సమయానికి బలం అందుతుంది. తిన్నాక వేసుకుంటే జొన్నరొట్టె సగంలో దవడ ఆగిపోయి, చేత్తో గడ్డాన్ని ఎత్తి పట్టుకుని నమలవలసి వస్తుంది, మంచినీళ్లు ముక్కులోకి ఎక్కుతాయి. ఖాళీ కడుపున వేసుకుంటే కొందరికి కడుపులో మెలిపెడుతుంది కాబట్టి, ఒక బిస్కెట్టో అరటిపండు ముక్కో ముందు తినడం మంచిదని నాకు వైద్యుడు చెప్పారు, అది బాగానే పని చేసింది. బస్సు ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో, పరీక్షల డ్యూటీలో వేళ తప్పుతుంది. ఫోనులో అలారం పెట్టుకోవడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

రోగ నిర్ధారణలో ఒక చిన్న పరీక్ష నాకు ఈ ఎంజైమ్ పనిని కళ్లముందు చూపించింది. వాలిన రెప్ప మీద గుడ్డలో చుట్టిన మంచుముక్కను రెండు మూడు నిమిషాలు ఉంచి తీస్తే, మయస్తీనియా ఉన్నవారిలో రెప్ప కాసేపు పైకి లేస్తుంది. చల్లదనానికి ఎంజైమ్ వేగం తగ్గుతుంది, అసిటైల్‌కోలిన్ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది అన్నది దానికి చెప్పే కారణాల్లో ముఖ్యమైనది. మేలో ఒంగోలు ఎండకు మా రోగుల పరిస్థితి ఎందుకు దిగజారుతుందో కూడా దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. మంచు పరీక్ష ఒక్కదానితో తేల్చరు. రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష, నాడికి వరసగా చిన్న విద్యుత్ దెబ్బలు ఇచ్చి కండరపు స్పందన తగ్గుతున్నదా అని చూసే పరీక్ష, థైమస్ గ్రంథిని చూడటానికి ఛాతీకి సీటీ స్కాన్ చేస్తారు.

ఈ మందు పుట్టుక విషాల దారిలో జరిగింది. 1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రి వైద్యురాలు మేరీ వాకర్, మయస్తీనియా రోగుల లక్షణాలు క్యురారే విషం ఎక్కినవారి లక్షణాలను పోలి ఉన్నాయని గమనించారు. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాల మొనలకు పూసే క్యురారే, కండరపు గ్రాహకాలను మూసేసి శ్వాస ఆగేలా చేస్తుంది. దానికి విరుగుడుగా పనిచేసే ఫైసోస్టిగ్మిన్‌ను రోగికి ఇచ్చి చూస్తే వాలిన రెప్ప లేచింది. ఫైసోస్టిగ్మిన్ కూడా పశ్చిమ ఆఫ్రికాలోని క్యాలబార్ చిక్కుడు అనే విషపు గింజనుంచి వచ్చిందే. ఆ తర్వాత అదే పని చేసే నియోస్టిగ్మిన్, 1950లలో పిరిడోస్టిగ్మిన్ ఈ జబ్బుకు వాడకంలోకి వచ్చాయి. వ్యాధి మూలం గ్రాహకాల లోపమేనని 1973లో తేలింది, అదీ తైవాన్ కట్లపాము విషంలోని ఆల్ఫా బంగారోటాక్సిన్ సాయంతో. ఆ విషం గ్రాహకాలకు గట్టిగా అతుక్కుంటుంది కనుక, రోగి కండరంలో ఎన్ని గ్రాహకాలు మిగిలాయో దానితో లెక్కపెట్టగలిగారు.

దుష్ఫలితాల గురించి కంపెనీ కాగితంలో ఒక పెద్ద జాబితా ఉంటుంది గానీ, ఎందుకు వస్తాయో ఉండదు. అసిటైల్‌కోలిన్ కండరాల దగ్గర మాత్రమే పని చేసే రసాయనం కాదు. పేగుల్లో, లాలాజల గ్రంథుల్లో, చెమట గ్రంథుల్లో, గుండెలో కూడా అది సంకేతాలు మోస్తుంది, అక్కడి గ్రాహకాలు వేరే రకం. ఎంజైమ్‌ను పట్టి ఉంచే మాత్రకు ఈ చోటూ ఆ చోటూ అనే తేడా తెలియదు గనుక కడుపులో మెలి, నీళ్ల విరేచనాలు, నోట్లో నీళ్లూరడం, చెమట, కొందరికి గుండె వేగం తగ్గడం జరుగుతాయి. నాకు మొదట్లో కడుపు చాలా ఇబ్బంది పెట్టింది, తొడల్లో, కనురెప్పల్లో సన్నగా కొట్టుకోవడం ఇప్పటికీ ఉంది. మెదడు మీద ప్రభావం పెద్దగా లేకపోవడం దీని సుగుణం. విద్యుదావేశం ఉన్న అణువు కావడంతో రక్తం నుంచి మెదడులోకి అంత సులువుగా దాటదు. ఉబ్బసం ఉన్నవారు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవారు, పేగుల్లోనో మూత్రనాళంలోనో అడ్డంకి ఉన్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పి తీరాలి.

పేగుల బాధ మితిమీరితే వైద్యులు గ్లైకోపైరోలేట్ వంటి మందు కలుపుతారు. అది కండరం జోలికి పోకుండా, పేగులు, గ్రంథుల వంటి చోట్ల ఉండే గ్రాహకాలను మాత్రమే మూస్తుంది. మన బీళ్లలో, రోడ్డు పక్కన పెరిగే ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ కూడా ఇదే పని చేస్తుంది. ఉమ్మెత్త కాయ తిన్నవారికి నోరెండిపోయి, కంటి పాపలు పెద్దవై, మతి చలించడం ఆ మూతపడటం వల్లనే. ఊళ్లో ఒకరు ‘ఉమ్మెత్తాకు పసరు తాగితే మాత్ర వేడి తగ్గుతుంది’ అని నాకు సలహా ఇచ్చారు. ఆకులో మందు ఎంతుందో ఎవరికీ తెలియని చోట ఇలాంటి సలహా ప్రాణం మీదికి తెస్తుంది.

నాకు ఈ మందులో నిజంగా భయం పుట్టించేది ఒకటే. తక్కువైతే నీరసం వస్తుంది, ఎక్కువైతే కూడా నీరసమే వస్తుంది. అసిటైల్‌కోలిన్ మితిమీరి నిలిచిపోతే కండరపు పొర తెరిచిన స్థితిలోనే ఉండిపోయి కొత్త సంకేతానికి స్పందించదు, ఊపిరి తీసే కండరాలతో సహా. ‘ఇవాళ బలం లేదు, ఇంకొకటి వేసుకుందాం’ అనుకుంటూ పోయే రోగి ఈ రెండు నీరసాల మధ్య తేడా కనిపెట్టలేడు. విపరీతంగా చొంగ కారడం, చెమటలు, కడుపునొప్పి, కండరాలు అదురుతూ ఉండటం ఎక్కువైనదానికి గుర్తులు. అయినా తేల్చవలసింది ఆసుపత్రివాళ్లు. ఊపిరి పొట్టిగా వస్తున్నా, ఒక్క గుక్కలో ఇరవై దాకా లెక్కపెట్టలేకపోతున్నా మాత్ర కోసం చూడకుండా 108కి ఫోను చేయాలి. ఇంత ముఖ్యమైన మాట స్ట్రిప్పు మీద గానీ, లోపలి కాగితం మీద గానీ తెలుగులో ఎక్కడా కనిపించదు.

వ్యవసాయదారుల ఇంట్లో ఈ మాత్ర వాడేవారికి ఇంకొక సంగతి చెప్పాలి. మిరప మీద, పత్తి మీద కొట్టే ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు పురుగులను చంపేదీ ఇదే ఎంజైమ్‌ను మూసే. వరిమళ్లలో చల్లిన కార్బోఫ్యూరాన్ గుళికలైతే రసాయన వర్గంలో కూడా పిరిడోస్టిగ్మిన్‌కు దూరపు చుట్టం, రెండూ కార్బమేట్లే. తేడా పట్టు ఎంతసేపు ఉంటుందనే దానిలో ఉంది. కార్బమేటు పట్టు కొన్ని గంటల్లో దానంతటదే వదులుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పట్టు కాలం గడిచేకొద్దీ ఇక విడిపించలేనంతగా బిగుస్తుంది, కొత్త ఎంజైమ్ తయారయ్యేదాకా ఒళ్లు కోలుకోదు. అందుకే పురుగుమందు ఎక్కినవారికి కంటి పాపలు సూదిమొనంత చిన్నవై, కళ్లూ ముక్కూ నోరూ కారుతూ, కండరాలు అదిరి చివరికి చచ్చుబడతాయి. అందుకే ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లో తడి ఆరేదాకా అట్రోపిన్ ఎక్కిస్తారు, ఎంజైమ్‌ను విడిపించడానికి పట్టు బిగియకముందే ప్రాలిడాక్సిమ్ ఇస్తారు.

1930లలో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగుమందు కోసం వెతుకుతూ తాబూన్ అనే నరాల విషవాయువును తయారు చేయడం, 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో అదే కోవకు చెందిన సారిన్ విషవాయువు వదలడం వంటి చరిత్ర అంతా ఈ ఒక్క ఎంజైమ్ చుట్టూ తిరిగినదే. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైనికులకు ఎనిమిది గంటలకొకసారి 30 మిల్లీగ్రాముల పిరిడోస్టిగ్మిన్ ఇచ్చారు. ఎంజైమ్‌లో కొంత భాగాన్ని ఈ మాత్ర ముందే ఆక్రమించి ఉంటే సోమాన్ అనే విషవాయువు ఆ భాగాన్ని శాశ్వతంగా పట్టుకోలేదు, మాత్ర వదిలాక ఆ భాగం తిరిగి పనికొస్తుంది అన్నది అందులోని ఆలోచన. నేను రోజూ పొద్దున మింగే మాత్రకు ఇంత కథ ఉందని తెలిసినప్పటినుంచి మా ఇంటి స్టోరులో పురుగుమందు డబ్బాలనూ నా మందులనూ ఒక గదిలో ఉంచనివ్వడం లేదు. మా ఆయన మందు కొట్టి వచ్చిన బట్టలు నేను ఉతకను, ఆయనే వేరుగా తడిపి ఉతుక్కుంటాడు. నా ఎంజైమ్‌లో కొంత భాగం ఎలాగూ మాత్రతో మూసుకుని ఉంటుంది. దాని మీద తెలియకుండా ఇంకొంత మూత పడితే నీరసం దేనివల్లో న్యూరాలజిస్టుకు కూడా అంతుబట్టదు.

పొగాకు సంగతి దీనికి భిన్నం. టంగుటూరు, కొండపి వైపు పొద్దున్నే మంచుకు తడిసిన ఆకు రెలిచే కూలీలకు వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి వస్తుంటాయి. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా లోపలికి పోవడం వల్ల వచ్చే జబ్బు అది. నికోటిన్ ఎంజైమ్ జోలికి పోదు, నేరుగా అసిటైల్‌కోలిన్ గ్రాహకం మీద కూర్చుని దాన్ని తెరుస్తుంది. 1905లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త లాంగ్లీ కండరం మీద నికోటిన్ వేసి ముడుచుకునేలా చేసి, ఆ తర్వాత క్యురారేతో ఆ ముడుచుకోవడాన్ని ఆపి చూపించాకే, మందును అందుకునే పదార్థం ఒకటి కండరంలో ఉందనే భావన నిలదొక్కుకుంది. ఇప్పుడు విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్ కూడా పురుగుల్లో ఇదే రకం గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ల దగ్గర పని చేసే మా చుట్టాలు ‘మీ మాత్రా మా ఆకూ ఒకటేనా’ అని అడుగుతుంటారు. ఒకే తలుపు దగ్గర పనిచేస్తాయి గానీ చేసే పని వేరని వాళ్లకు చెబుతుంటాను.

పాముకాటు ప్రస్తావన కూడా ఇక్కడ అవసరమే, ఎందుకంటే మా ఊళ్లో ఒకరు ‘కళ్లు వాలిపోతే ఆ మాత్ర ఇవ్వవచ్చు కదా’ అని అడిగారు. ఇవ్వకూడదు. తాచుపాము విషంలోని ముఖ్య భాగం గ్రాహకాలను మూస్తుంది, కాబట్టి ఆసుపత్రిలో పాము విరుగుడు ఇంజెక్షనుతో పాటు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ ఇస్తే కొంత ఫలితం ఉంటుంది. కట్లపాము విషంలో గ్రాహకాలను మూసే భాగం ఉన్నా, దాని ముఖ్య భాగం నాడి కొసనే దెబ్బ తీసి, అసిటైల్‌కోలిన్ వదిలే సంచులనే ఖాళీ చేస్తుంది. వదలడానికే ఏమీ లేనప్పుడు ఎంజైమ్‌ను పట్టి ఉంచి ఏం లాభం? నేల మీద పడుకున్నవారిని రాత్రివేళ కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు, తెల్లవారుజామున కడుపునొప్పితోనో రెప్పలు వాలడంతోనో బయటపడుతుంది. మయస్తీనియాలో మామూలుగా నిద్ర లేచినప్పుడు కన్ను తేటగా ఉండి సాయంత్రానికి వాలుతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి రెప్పలు వాలి నిద్ర లేస్తే మాత్రల పెట్టె వెతకకుండా, వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మళ్లీ మాత్ర దగ్గరికి వస్తాను. దీన్ని వాడుతున్నవారు దూరంగా ఉండవలసిన ఇతర మందుల పట్టిక కంపెనీ కాగితంలో అరకొరగా ఉంటుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు నాడి కొసలో అసిటైల్‌కోలిన్ విడుదలను తగ్గిస్తాయి. నరానికి ఎక్కించే మెగ్నీషియం కూడా అంతే. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, ప్రొప్రనలాల్, కంటిలో వేసే టిమలాల్ చుక్కలు, మలేరియాకు ఇచ్చే క్వినైన్, క్లోరోక్విన్ వంటివి జబ్బును రేపగలవు. ముడతలకు వేసే బొటాక్స్ అయితే సంచులు తెరుచుకునే యంత్రాంగాన్నే కోసేస్తుంది. జ్వరమనగానే పల్లెల్లో చేతికందిన యాంటీబయాటిక్ ఇంజెక్షను పొడవడం మామూలు కనుక, నేను పర్సులో ఈ పేర్లు రాసిన అట్ట ఒకటి పెట్టుకుని, సూది తీసే ముందే చూపిస్తాను. ఆపరేషను ఏదైనా ఉంటే మత్తు వైద్యుడికి ముందుగా చెప్పాలి, ఎందుకంటే వారు వాడే కండరాలను సడలించే మందుల లెక్క మా ఒంట్లో పూర్తిగా తారుమారవుతుంది.

సరుకుగా దీని లోపాలు అన్నీ మందు చుట్టూ ఉన్నవే. ఈ మాత్రకు తేమ పడదు. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతంలో స్ట్రిప్పులోంచి విడదీసి డబ్బాలో పోసుకున్న మాత్రలు కొద్దికాలానికే మెత్తబడి అంచులు పొడిపొడిగా రాలడం చూశాను, అందుకని వేసుకునేదాకా రేకులోనే ఉంచుతాను. అరమాత్ర వేసుకోమని వైద్యుడు రాస్తే, కొన్ని కంపెనీల మాత్రల మీద గీత లోతుగా ఉండి గోరుతో విరుగుతుంది, కొన్నింటిది విరిస్తే ముక్కముక్కలవుతుంది. అక్షరాలు చీమ తలంత చిన్నవి. వస్తువులు రెండుగా కనిపించే రోగి చదవవలసిన కాగితాన్ని అంత చిన్న అచ్చులో వేయాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో తెలియదు.

దొరకడం కూడా సులువు కాదు. టంగుటూరు షాపుల్లో అడిగితే తెప్పించాలంటారు, ఒంగోలులో కొన్ని షాపుల్లోనే ఉంటుంది, నెల్లూరులో పెద్దాసుపత్రుల దగ్గర షాపుల్లో తేలిగ్గా దొరుకుతుంది. ఒకసారి ఒక షాపులో కుర్రాడు చీటీ చూసి పిరిడాక్సిన్ స్ట్రిప్పు చేతిలో పెట్టాడు. పిరిడాక్సిన్ అంటే బి6 విటమిన్, దానికీ దీనికీ పోలిక లేదు. ‘రెండూ నరాలకే కదా మేడం’ అన్నాడు. స్ట్రిప్పు మీద పేరును అక్షరం అక్షరం చదువుకున్నాకే డబ్బులివ్వడం నాకు అప్పటినుంచి అలవాటు. పది రోజులకు సరిపడా మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి స్ట్రిప్పులు కొనాలి, ఉన్నట్టుండి ఆపేయడం మంచిది కాదు. మందు గుణానికి అయిదుకు అయిదు ఇస్తాను, అమ్మే తీరుకు రెండు కూడా ఎక్కువే.

ఇదే మందు 180 మిల్లీగ్రాముల నిదానంగా కరిగే మాత్రగా కూడా వస్తుంది. రాత్రి మధ్యలో మింగలేక మెలకువ వచ్చేవారికి, తెల్లవారుజామున లేవలేనివారికి అది ఉపయోగం. దాన్ని విరవకూడదు, నమలకూడదు. నాకు అది ఒక రోజు ఎక్కువగా, ఇంకొక రోజు తక్కువగా పని చేసినట్టు అనిపించింది, కడుపు కూడా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. వైద్యుడితో మాట్లాడి దాన్ని మానేశాను. పాఠం చెప్పే వేళకు, అన్నం తినే వేళకు లెక్క చూసుకుని వేసుకోగలిగే 60 మాత్రే నా పనికి సరిపోయింది.